అరబ్బీ శాసనాలున్న ప్రాచీన ఖడ్గాలు – ఆఫ్రికా మూల నిర్ధారణ: తెలుగు ప్రాంత నేపథ్యంలో ఒక పరిశీలన

కీలక పదాలు: కస్కరా, సుల్స్ లిపి, సిద్దీలు, కోనసముద్రం, సువాకిన్

ప్రవేశిక

నిజాం కొలువులో ఆఫ్రికా మూలాలుగల సిద్దీలు అశ్వికదళ రక్షకులుగా పనిచేశారు. హైదరాబాదులోని ‘ఏ.సి. గార్డ్స్’ పేట పేరు ‘ఆఫ్రికన్ కావల్రీ గార్డ్స్’ నుండి వచ్చింది. అరబ్బు సైనికుల బారక్సే నేటి బార్కస్. ఈ నేపథ్యం కారణంగా అరబ్బీ అక్షరాలున్న పాత ఖడ్గాన్ని సిద్దీలకు ఆపాదించడం సులభం. అయితే లిపి విశ్వాసాన్ని సూచిస్తుందే గాని తయారైన చోటును నిర్ధారించదు. మూల నిర్ధారణకు ఏ ఆధారాలను ఏ క్రమంలో పరిశీలించాలో ఈ వ్యాసం చర్చిస్తుంది.

ఆకృతి

సూడాన్ ఖడ్గమైన కస్కరా నిటారుగా, రెండంచుల పదునుతో, సుమారు 90 సెం.మీ. అలుగుతో ఉంటుంది. పిడి దగ్గర శిలువ ఆకారపు అడ్డకమ్మి, చివర వెడల్పైన తోలు ఒర దీని గుర్తులు. దక్కనులో వాడిన ‘ఫిరంగీ’ అలుగు కూడా నిటారైనదే. కాని దాని పిడి చేతిని కప్పే భారతీయ పద్ధతిలో ఉంటుంది. ఇథియోపియా షోటెల్ కొడవలిలా వంగి ఉంటుంది. ఆ దేశపు ఖడ్గాలపై గీజ్ లిపి కనిపిస్తుంది. కనుక తొలి సాక్ష్యం పిడి, ఆ తరువాతే అక్షరం.

శాసనం, లోహం

మహదీ ఉద్యమకాలపు (1881–1898) సూడాన్ ఆయుధాలపై సుల్స్ శైలి అక్షరాలను ఆమ్లంతో చెక్కి, అవే పదబంధాలను అలుగంతటా పునరావృతం చేశారు. జర్మనీలోని సోలింగెన్ అలుగులు ఆఫ్రికాకు దిగుమతి అయ్యేవి. వాటిపై ఉండే అర్ధచంద్ర ముద్రలను స్థానిక కమ్మరులు అనుకరించారు. అందువల్ల ముద్ర ఒక్కటే ప్రమాణం కాదు. ‘అసదుల్లా ఇస్ఫహానీ’ అనే పేరు సైతం పర్షియా, భారత ఖడ్గాలపై విరివిగా అనుకరణకు గురైంది.

లోహం మరొక సాక్ష్యం. నిజామాబాదు ప్రాంతపు కోనసముద్రంలో మూసల్లో కరిగించి తీసిన ఉక్కును కొనడానికి పర్షియా వర్తకులు వచ్చేవారని హెన్రీ వాయ్సే నమోదు చేశారు. ఆ జాతి ఉక్కుతో చేసిన అలుగుపై నీటి అలల వంటి చారలు కనిపిస్తాయి. అలాంటి చారలతో పాటు అరబ్బీ అక్షరాలున్న ఖడ్గం ఆఫ్రికాది కాక, తెలంగాణ ఉక్కుతో పర్షియాలో రూపొందినది కావచ్చు.

చేరిన మార్గం

1885లో సువాకిన్ దండయాత్రలో మద్రాసు శాపర్లు పాల్గొన్నారు; ‘టోఫ్రెక్’ వారి యుద్ధ గౌరవాలలో ఒకటి. విశాఖపట్నం నాడు మద్రాసు ప్రెసిడెన్సీలో భాగం. కాబట్టి ఈ తీరంలో నిజమైన కస్కరా దొరికినా అది సిద్దీల వారసత్వమే కానక్కరలేదు, సైనికుని యుద్ధచిహ్నం కూడా కావచ్చు.

ఉపసంహారం

పిడి, లోహం, శాసనం, చేరిన మార్గం అనే క్రమంలో పరిశీలించినప్పుడే నిర్ధారణ సప్రమాణమవుతుంది. పొరపాటు ఆపాదన సిద్దీలకు లేని చరిత్రను అంటగడుతుంది. కోనసముద్రం కమ్మరులకు ఉన్న చరిత్రను మరుగుపరుస్తుంది.