జూరిచ్ సాంకేతిక విద్యాలయము

యూరపు ఖండము నడుమ స్విట్జర్లండను చిన్న దేశము కలదు. దానికి సముద్రతీరము లేదు. బొగ్గుగనుల సమృద్ధి లేదు. 1848లో అచ్చటి కాంటనులు, అనగా చిన్న చిన్న రాష్ట్రములు, ఒక సమాఖ్యగా నేర్పడెను. రైలుదారులు వేయవలెను, కొండలు తొలువవలెను, నదులకు వంతెనలు గట్టవలెను. అందులకు దగిన ప్రవీణులు కావలసివచ్చిరి. సర్వవిద్యలకును విశ్వవిద్యాలయము నొకదానిని స్థాపింపవలెనని కొందఱు తలంచిరి గాని, కాంటనుల పరస్పర శంకలచే నది సాగలేదు. తుదకు 1854లో శాసనము చేసి, 1855లో జూరిచ్ నగరమున సాంకేతిక విద్యాలయమును మాత్రము తెఱచిరి. నేడు లోకము ఇ.టి.హెచ్. అని పిలుచునది యిదియే.

1895లో ఆల్బర్టు ఐన్‌స్టీను అను బాలుడు దీని ప్రవేశపరీక్షకు గూర్చుండెను. అతని వయస్సు 16 ఏండ్లు, నియమము 18. గణిత భౌతికశాస్త్రములందు మెప్పువడసియు, తక్కిన విషయములు చాలక తప్పెను. అధికారులు వానిని తరిమివేయలేదు. ఆరావు పట్టణపు పాఠశాలలో చదువు ముగించి రమ్మనిరి. మఱుసటి యేట నాతడు మరల వచ్చి చేరెను. చేరిన శాఖ యేదనుకొంటిరి? గణిత భౌతికశాస్త్రముల నుపాధ్యాయులను దయారుచేయు శాఖ! పంతులునగు నాకు ఈ మాట చెప్పుట కొంత ముచ్చట. 1900లో పట్టము పొందెను. 1912లో నక్కడనే ఆచార్యుడయ్యెను. అంతకు మునుపు, ఎక్స్-కిరణములు కనిపెట్టిన రంట్‌గెను గూడ ఉన్నతపాఠశాల ముగింపు పత్రము లేకయే యిందు ప్రవేశించి, 1868లో యంత్రశాస్త్రమున నుత్తీర్ణుడయ్యెను.

నేడిందు 25,000 మందికి పైగా జదువుచున్నారు. స్వదేశపు ముగింపు పత్రము గల బాలునకు ప్రవేశపరీక్ష లేదు. వాకిలి సులభమే, జల్లెడ లోపల నున్నది. మొదటి సంవత్సరపు పరీక్షలో తప్పినవారు మఱియొక్క మాఱే కూర్చుండవచ్చును. మరల తప్పిన ఆ శాఖను విడువవలసినదే.

మీ మనుమడు పోయెదనన్నచో, పొలము తాకట్టు పెట్టుటకు ముందు, ఏ పట్టమునకు, ఏ భాషలో అని యడుగుడు. తొలిపట్టపు పాఠములు హెచ్చుగా జర్మను భాషలో నుండును. పైపట్టమునకు బహుశాఖలలో ఇంగ్లీషే. మన బి.టెక్. ముగించినవారికి ఈ రెండవ దారియే తగినదని నా తలంపు. 2025 శరదృతువునుండి క్రొత్తగా చేరు విదేశీయులకు రుసుము మూడింతలు చేసిరి. అయినను ఆ నగరమున బస భోజనముల వ్యయము రుసుముకంటె నెంతయో యధికము.