ఎనుబది ఎకరములు చాలుననినవారు

హైదరాబాదు నుండి విజయవాడకు పోవు బాట దిల్‌సుఖ్‌నగరు, ఎల్.బి. నగరు, హయత్‌నగరులను దాటి అబ్దుల్లాపూర్‌మెట్‌కు చేరును. ఒకప్పుడు ఇక్కడి రైతులు భూమిని ఎకరములతోను గుంటలతోను లెక్కించెడివారు. నేడు గజములతో లెక్కించుచున్నారు. గుంటకు 121 చదరపు గజములు, 40 గుంటలు ఒక ఎకరము. వెరసి 4,840 గజములు. నేల ఒక్క జానెడైనను పెరుగలేదు. కొలబద్ద మాత్రము చిన్నదైనది, వెల పెద్దదైనది. ఎకరమన్నవానికి పంట కన్నులకు కట్టును. గజమన్నవానికి వెల కన్నులకు కట్టును. పంటకు ఒక హద్దు కలదు. వెలకు హద్దు నిర్ణయించుట ఎవరి తరము?

ఆశ, తృప్తి అను మాటలు వినగానే మనకు పురాణ కాలక్షేపము గుర్తునకు వచ్చును. కాని ఈ విషయమును గూర్చి తెలంగాణము వారు పురాణములదాక పోనక్కరలేదు. అబ్దుల్లాపూర్‌మెట్‌కు తూర్పుగా, ఒక్క పూట నడకలో, పోచంపల్లి యున్నది. అక్కడ 1951వ సంవత్సరము ఏప్రిల్ 18వ తేదీన జరిగిన సంగతి లోకమునకు తెలిసినదే. అయినను ఆ కథను చెప్పునప్పుడు మనము దాతను మాత్రమే పొగడి ఊరకుందుము. అడిగినవారిని మరచుచున్నాము.

అడిగినవారి మాట తెలియవలెనన్న, అంతకు పూర్వము ఆ ప్రాంతమెట్లుండెనో కొంత చెప్పవలెను. నాటి నల్లగొండ జిల్లా జనగామ తాలూకాలో విసునూరు అను గ్రామము కలదు. అచటి దేశముఖు రామచంద్రారెడ్డి అరువది గ్రామములపై అధికారము చెలాయించినవాడు. ఆయన యేలుబడిలో 40 వేల ఎకరములుండెనని ఆ కాలపు ఉద్యమచరిత్రలు వ్రాసినవి. సమీపముననే పాలకుర్తిలో ఐలమ్మ అను చాకలి స్త్రీ కౌలుకు తీసికొనిన నాలుగెకరములను దున్నుకొనుచుండెను. ఆ నాలుగెకరముల పంట ఆ దేశముఖునకు కావలసి వచ్చినది! ఆకలిగొన్నవాడు అన్యుని అన్నము లాగుకొనెనన్న మనకు అర్థమగును. 40 వేల ఎకరముల వానికి నాలుగెకరములు ఏ కొరతను తీర్చును? కొరత యనునది భూమిలో లేదు. తన మాట కాదని ఒక చాకలి స్త్రీ తలయెత్తి నిలుచుట ఆయనకు కొరతయైనది. దురాశకు ఇదియే గుర్తు. అది వస్తువును కోరినట్లు కనబడును గాని, కోరునది ఎదుటివాని లొంగుబాటును. ఆంధ్ర మహాసభ కార్యకర్తలు అండ నిలువగా ఐలమ్మ తన పంటను ఇంటికి చేర్చుకొనెను. 1946 జూలై 4వ తేదీన కడవెండిలో దొడ్డి కొమరయ్య తుపాకి గుండునకు బలియయ్యెను. అక్కడి నుండి సాయుధపోరాటము సాగినది.

ఒక చిన్న సంగతి. పాలకుర్తికి పొరుగుననే బమ్మెర యున్నది. పోతనామాత్యుడు హలము పట్టి జీవించెననియు, భాగవతమును రాజున కంకిత మీయ నొల్లడాయెననియు మనవారు పరంపరగా చెప్పుకొనుచున్నారు. తృప్తికి ప్రసిద్ధి కెక్కిన ఊరును, దురాశకు పేరుపడిన గడియును ఒకే నేలపై నుండినవి. దీనిని బట్టి నేలనో కాలమునో నిందించి లాభము లేదు. మరియొక మాట కూడ చెప్పవలసియున్నది. తృప్తిపడుమని లేనివారికి నూరిపోయుట మన దేశమున చిరకాలముగా నున్న అలవాటు. కలవానికి ఆ బోధ చేయుటకు ధైర్యము కావలెను.

ఆ ధైర్యము కలవాడు కాలినడకను వచ్చెను. 1951 ఏప్రిల్ మాసమున హైదరాబాదు చెంతనున్న శివరాంపల్లిలో సర్వోదయ సమ్మేళనము జరిగెను. దానికై ఆచార్య వినోబా భావే వార్ధా ప్రాంతము నుండి నడచియే వచ్చి, అది ముగిసిన పిమ్మట కారాగారములోని కమ్యూనిస్టులను చూచి, తెలంగాణపు పల్లెలలోనికి బయలుదేరెను. సాయుధపోరాటము అప్పటికింకను విరమింపబడలేదు. ఆ విరమణ అక్టోబరులో జరిగినది. పగలు పోలీసులకు, రాత్రి దళములకు జడియుచు పల్లెలు దినములు గడుపుచుండెను.

పోచంపల్లిలో హరిజనులు ఆయనను కలిసి తమకు భూమి కావలెననిరి. ఎంత కావలెనని వినోబా అడిగెను. వారు తమలో తాము లెక్క చూచుకొనిరి. కుటుంబములు నలుబది. కుటుంబమునకు రెండేసి ఎకరముల చొప్పున ఎనుబది ఎకరములు: నలుబది తరి, నలుబది మెట్ట. ప్రభుత్వమునకు వ్రాసి చూతుమని మొదట తలచిన వినోబా, గ్రామస్థుల వైపు తిరిగి, మీలో ఎవరైన ఈయగలరా యని అడిగెను. వెదిరె రామచంద్రారెడ్డి లేచి, తన తండ్రి కోరికను దలచుకొని, నూరు ఎకరములిచ్చెదనని ప్రకటించెను. విసునూరు దేశముఖు పేరును రామచంద్రారెడ్డియే, పోచంపల్లి దాత పేరును రామచంద్రారెడ్డియే. పేరొక్కటే, జిల్లా యొక్కటే, కాలమును ఇంచుమించుగ నొక్కటే.

ఆ సమయమున హరిజనులేమనిరి? మాకు ఎనుబది చాలును, అంతకు మించి వలదనిరని ఈ ఘటనను వ్రాసినవారు చెప్పుచున్నారు. కొంచెము నిలిచి ఆలోచింపుడు. తరతరములుగా జానెడు నేలకు నోచుకొననివారు. చేతికందిన దానిని కాదనుటకు వారికి ఏ శాస్త్రమును తెలియదు. వారికి తెలిసినది తమ ఎడ్లెన్ని, చేతులెన్ని, నోళ్లెన్ని యను లెక్క. తృప్తి యనగా కోరికను చంపుకొనుట యని మనము తలచుచున్నాము. పోచంపల్లి వారు కోరికను చంపుకొనలేదు. నోరు తెరచి, నలుగురి యెదుట అడిగిరి. అయితే అడుగుటకు ముందే లెక్క కట్టుకొనిరి. చాలుననుమాట వారి నోట వైరాగ్యముగా రాలేదు, లెక్కగా వచ్చినది.

ఆ రాత్రి వినోబాకు సరిగ నిదుర పట్టలేదట. దేశమున సేద్యపు భూమి 30 కోట్ల ఎకరములని అంచనా. ఆరవ వంతు, అనగా 5 కోట్ల ఎకరములు వచ్చినచో భూమిలేనివారికి సరిపోవునని ఆయన గుణించెను. నీకు ఐదుగురు కుమారులున్నచో నన్ను ఆరవవానిగా నెంచి నా భాగము నా కిమ్మని ఊరూర అడుగసాగెను. తెలంగాణములో 51 దినములలో 12 వేల ఎకరముల పైచిలుకు లభించెను.

దాతలందరు హృదయము కరగియే ఇచ్చిరని నేననను. భయము కూడ పనిచేసినది. తుపాకి మోగుచున్న సీమలో కొంత ఇచ్చి మిగిలినది నిలుపుకొనుట తెలివియని తలచినవారుండిరి. భూదానము భూస్వాములకు డాలువలె ఉపయోగపడినదని వామపక్షములవారు చేసిన విమర్శను త్రోసిపుచ్చుటకు వీలులేదు. దేశమంతట వాగ్దానము చేయబడిన 40 లక్షల పైచిలుకు ఎకరములలో సాగునకు పనికిరాని గుట్టలును, వ్యాజ్యములలోని భూములును చాల నుండెను. సభలో చేయెత్తి ఇచ్చినదానిని కాగితములో ఈయకుండ మిగుల్చుకొనినవారు కొందరు. సభలో నలుగురి కన్నులుండును. కచేరీలో కాగితముండును. దురాశ ఆ రెంటిలో కాగితమునే ఎన్నుకొనును.

ఈ మోసమును ఎరిగియే 1965లో ఆంధ్రప్రదేశ్ భూదాన గ్రామదాన చట్టము చేయబడినది. పొందినవాడు దున్నుకొనవచ్చును, బిడ్డలకు సంక్రమింపజేయవచ్చును గాని అమ్ముకొనరాదు. అయినను నగరము తూర్పునకు ప్రాకినకొలది ఆ హద్దురాళ్లు కదలినవి. రంగారెడ్డి జిల్లాలో భూదానభూముల తగవులు న్యాయస్థానములకు ఎక్కినవి. ఎనుబది ఎకరములను లెక్కించిన ఆ మాదిగ మాలవాడల లెక్క ఇప్పుడు ఎవరికి జ్ఞాపకమున్నది?

భూమి తగవు ఎంతదూరము పోగలదో అబ్దుల్లాపూర్‌మెట్ చూచినది. 2019 నవంబరు 4వ తేదీ పట్టపగలు, అచటి మహిళా తహశీల్దారు తన కార్యాలయములోనే ఒక వ్యక్తి నిప్పంటింపగా మరణించిరి. ఆమెను కాపాడబోయిన వాహనచోదకుడును, నిప్పంటించినవాడును కొలది దినములలోనే కన్నుమూసిరి. దానికి మూలము భూమి పత్రముల వివాదము. దీనిని దురాశ యను ఒక్క మాటతో ముగించుట న్యాయము కాదు. అందులో ఆశ ఎంత, నిస్పృహ ఎంత యని తూచు త్రాసు మన చేతిలో లేదు. మూడు కుటుంబములు మాత్రము పెద్దదిక్కును గోల్పోయినవి.

అదే మండలములోని కుంట్లూరులో భూదానపు నేలపై పేదలు గుడిసెలు వేసికొనియున్నారు. తమ వాడకు రావి నారాయణరెడ్డి పేరు పెట్టుకొనిరి. ఆయన సాయుధపోరాట నాయకుడు. 1952 ఎన్నికలలో నల్లగొండ నుండి జవహర్‌లాల్ నెహ్రూకంటె నెక్కువ ఓట్లు పొందినవాడు. వినోబా త్రోవ వేరు, ఆయన త్రోవ వేరు. గుడిసెలవారు ఆ భేదమును పట్టించుకొనినట్లు లేదు. ఎకరములు వారడుగుట లేదు. ఒక్కొక్క ఇంటికి తల దాచుకొనుటకు వలసిన కొలదిపాటి గజములు, వాటికి పట్టా కాగితము.