రెయిలింగు ఆనుకుని విన్న బ్రామ్స్

కార్ల్స్‌ప్లాట్జ్ స్టేషన్ మెట్లెక్కి పైకి రాగానే వియన్నా చలి మొహానికి కొడుతుంది. కాస్త నడిస్తే మూజిక్‌ఫెరైన్ భవనం. మన చేతిలో ఉన్నది నిల్చుని వినే టికెట్టు. కుర్చీ టికెట్టుతో పోలిస్తే చాలా చవక. సంగీతం చదువుకునే పిల్లలు, ఏళ్లతరబడి వింటున్న పెద్దవాళ్లు, ఊరు చూడవచ్చిన మనలాంటివాళ్లు కొనేది ఇదే. కోటు విప్పి కౌంటర్లో ఇచ్చేస్తాం. తలుపు తీయగానే జనం వడివడిగా కదులుతారు. ఎవరూ పరుగెత్తరు, ఎవరూ వెనకబడరు. కుర్చీల వరసలన్నీ దాటాక, హాలు చిట్టచివర మన చోటు. రెయిలింగు దగ్గర జాగా దొరికినవాళ్లు మెడలో మఫ్లర్ తీసి దానికి ముడేస్తారు. బస్సు కిటికీలోంచి సీటు మీద తువ్వాలు వేసే మనకు అదేమిటో వేరే చెప్పక్కర్లేదు.

తలెత్తితే అంతా బంగారుపూత. గోడల వెంట స్త్రీమూర్తులు, పైకప్పు మీద అపోలో, తొమ్మండుగురు కళాదేవతలు. థియోఫిల్ హాన్సెన్ కట్టిన ఈ హాలు 1870 జనవరిలో తెరుచుకుంది. పొడవు దాదాపు 49 మీటర్లు, వెడల్పు 19, ఎత్తు 18కి కాస్త తక్కువ. హాళ్ల ధ్వనిని లెక్కగట్టే శాస్త్రం ఇంకా పుట్టని రోజులవి. అయినా నేల కింద బోలు, పైన దూలాలకు వేలాడదీసిన కప్పు, శబ్దాన్ని చెదరగొట్టి నలుదిక్కులా పంచే ఆ బొమ్మలూ గూళ్లూ కలిసి హాలునే ఒక వాయిద్యం చేశాయి. అందుకే సౌండ్ బాక్సులతో పని లేదు. మైకు సరిచేయమంటూ గాయకుడు చేసే సైగతో మొదలయ్యే కచేరీలకు అలవాటుపడ్డ మన చెవికి ఇదే మొదటి వింత.

వేదిక నిండింది. సన్నాయిలాగే జంట రెల్లు పీకతో పలికే ఓబో ఒక్క స్వరం పట్టింది. వయొలిన్లు, బాకాలు, పిల్లనగ్రోవులు అన్నీ దానికి శ్రుతి కలుపుకున్నాయి. మన దగ్గరైతే తంబురా కచేరీ పొడవునా మోగుతూనే ఉంటుంది. ఇక్కడ ఆ ఆధారం ఒకసారి వినిపించి తప్పుకుంటుంది. ఆ తర్వాత ఎవరి శ్రుతి వాళ్లు లోపలే మోసుకోవాలి.

కండక్టర్ వచ్చాడు. చప్పట్లు పడి ఆగాయి. ముందు బేతోవెన్ 1807లో రాసిన కోరియోలన్ ఓవర్చర్. త్యాగరాజస్వామి కంటే మూడేళ్లు చిన్నవాడు బేతోవెన్. ఆయన తిరువయ్యారులో కృతులు కడుతున్న కాలంలోనే ఈయన ఈ ఊళ్లో సింఫొనీలు రాశాడు. తీగవాయిద్యాలన్నీ ఒకే స్వరం మీద నిలబడ్డాయి. ఆర్కెస్ట్రా మొత్తం ఒక్క దెబ్బ కొట్టి ఆగింది. అందరి చేతులూ ఆగినా దాదాపు రెండు సెకన్లపాటు ఆ నాదం గోడల మీద తిరుగుతూనే ఉంది. మళ్లీ స్వరం, మళ్లీ దెబ్బ, మళ్లీ ఆ రెండు సెకన్లు. హాలు వాయిస్తోందంటే ఏమిటో ఇప్పుడు అర్థమవుతుంది.

వయొలిన్ మనకు కొత్త కాదు. బాలుస్వామి దీక్షితర్ దాన్ని కర్ణాటక సంగీతంలోకి తెచ్చారు, విజయనగరంలో ద్వారం వెంకటస్వామినాయుడుగారు దానికి తెలుగు మాటంత చనువు నేర్పారు. అయితే మన కచేరీలో వయొలిన్ గాయకుడి పక్కన ఒంటరిగా నిలిచే గొంతు. ఇక్కడ ముప్ఫై దాకా ఉన్నాయి. కమాన్లన్నీ ఒకేసారి లేచి ఒకేసారి దిగుతున్నాయి. ఎవరి గమకం వారిది అనే వీలే లేదు. ఆ కట్టుబాటులోంచే ఆ బలం పుడుతోంది.

విరామంలో జనం ద్రాక్షసారా గ్లాసులతో వసారాల్లో నిలబడతారు. ఇదే హాలు రిహార్సళ్లలోకి బయటివాళ్లను రానివ్వని రోజుల్లో, 1954లో బొంబాయి నుంచి చదువుకోవడానికి వచ్చిన జుబిన్ మెహతా, మిత్రుడు క్లాడియో అబ్బాడోతో కలిసి ఇక్కడి గాయకబృందంలో చేరాడు. పాడుతూనే పెద్ద కండక్టర్ల చేతులను దగ్గరగా చూశాడు. 1990లో ఇదే వేదిక మీద కొత్త సంవత్సరం కచేరీ నడిపింది ఆయనే.

గంట మోగింది. ఇక బ్రామ్స్ రెండో సింఫొనీ. 1877 వేసవిలో ఒక సరస్సు ఒడ్డున చాలావరకు రాశాడు. ఆ డిసెంబరు 30న మొదటిసారి మోగింది ఈ గోడల మధ్యే. చెల్లోలు, బేస్‌లు మూడు స్వరాలు పలికాయి: స, ని, స. అంతే. ముప్పావుగంట సంగీతానికి విత్తనం అదే. హార్న్‌లు అందుకున్నాయి. శంకరాభరణపు వెలుగు పరుచుకుంటుండగానే ట్రాంబోన్లు మెల్లగా, టింపానీ భేరీ అంతకంటే మెల్లగా నీడ దించాయి. మూడు మాత్రల నడక. మన వేలు తెలియకుండానే రెయిలింగు మీద తాళం వేయబోతుంది. పక్కనున్న పెద్దావిడ ఒక్కసారి చూస్తుంది, వేలు ఆగిపోతుంది. తల ఊపకూడదు, భళా అనకూడదు, భాగానికీ భాగానికీ మధ్య చప్పట్లు కొట్టకూడదు. ఆ సందులో దగ్గుకు మాత్రం అనుమతి. ఇక్కడివాళ్లు ఆ అనుమతిని ధారాళంగా వాడుకుంటారు.

మూడో భాగంలో చెల్లోల తీగలు వేళ్లతో మీటుతుంటే ఓబో ఆడుతూ పాడుతూ సాగింది. 1877లో ఈ భాగం అయ్యాక జనం ఊరుకోలేదు, మళ్లీ వాయించాల్సి వచ్చింది. పద్యనాటకాల్లో మనవాళ్లు వన్స్‌మోర్ అన్నట్టే. అంటే ఈ కదలని మౌనం సింఫొనీతో పుట్టింది కాదు, తర్వాత వచ్చిన మర్యాద. కానీ దాని ఫలితం చివరి భాగంలో తెలుస్తుంది. గుసగుసగా మొదలై, ఒక్కసారిగా విరుచుకుపడి, చివరికి ట్రాంబోన్లు నిండుగొంతుతో పలికేసరికి, చేతులూ తలా ఇంతసేపు ఆపుకున్నదంతా చెవిలోకి చేరి ఉంటుంది. రెయిలింగు కూడా అదురుతుంది. చప్పట్లకు వంతు వచ్చింది. ఎవరూ తొందరగా వదలరు.

గంటన్నరకు పైగా నిల్చున్నాం, కాళ్లు పీకుతున్నాయి. అయినా చెబుతున్నాను: సింఫొనీ వినడానికి ముందు చదువు అక్కర్లేదు. శంకరాభరణం పోల్చుకునే చెవి, మైకు లేని హాలు, కదలకుండా ఉండే ఓర్పు చాలు. వియన్నా దూరమైతే ముంబయి దగ్గరే. 2006లో ఏర్పడిన సింఫొనీ ఆర్కెస్ట్రా ఆఫ్ ఇండియా నారిమన్ పాయింట్‌లోని ఎన్‌సీపీఏలో వాయిస్తుంది. హైదరాబాదు నుంచి ఒక రాత్రి రైలు ప్రయాణం. హెడ్‌ఫోన్లలో వంద సార్లు విన్నవాళ్లు కూడా ఒక్కసారి వెళ్లి వినండి.