ఎండని చెట్టు, లెక్కకు రాని నష్టం: టేకు ఆకుతినే పురుగు అధ్యయన చరిత్ర (1898–1985)

ఉపోద్ఘాతం

మన దేశంలో టేకు తోటల చరిత్రను మలబారు కలెక్టరు కనోలీతో ఆరంభించడం పరిపాటి. నౌకానిర్మాణానికి కలప కరవవుతుందన్న ఆందోళనతో 1840వ దశకంలో నిలంబూరులో ఆయన తోటల పెంపకానికి పూనుకున్నాడు. నేలపై ఆ పని నడిపించినవాడు చాతు మేనోన్. నాడు కోస్తాంధ్ర జిల్లాల వలె మలబారు కూడా మద్రాసు ప్రెసిడెన్సీలోనిదే. ఈ చరిత్రలో నాటినవారి పేర్లు నిలిచాయి గాని, నాటిన మొక్కల ఆకులను ఏటేటా తిన్న పురుగుకు దక్కిన చోటు స్వల్పం. అందుకు కారణం పరిశీలించదగినది.

పురుగు, దాని కాలం

హైబ్లియా పూరా అనే ఈ చిమ్మట, తొలకరికి ముందు పడే వానలతో టేకు చిగురించే వేళ గుంపులుగా వచ్చి లేత ఆకులపై గుడ్లు పెడుతుంది. గొంగళిపురుగు ఆకు అంచును కత్తిరించి, మడతపెట్టి, ఆ మడతలో దాగి తింటుంది. కొద్ది రోజుల్లోనే తోటంతా ఈనెలు మాత్రమే మిగిలి మోడువారినట్లు కనబడుతుంది. అయినా చెట్టు చావదు. కొన్ని వారాలకు మళ్ళీ చిగురిస్తుంది. చెట్టు ఎండినా, కాలినా, దొంగ నరికినా నష్టం కంటికి కనబడుతుంది. పెరగవలసినంత పెరగకపోవడం మాత్రం కనబడదు. లేత తోటల్లో మొన చిగురు పోతే కాండం చీలి కలప విలువ తగ్గడం ఒక్కటే పైకి తెలిసే గుర్తు.

తిరువాన్కూరు అటవీ అధికారి బోర్డిలన్ 1898లోనే కోన్ని తోటల్లో ఈ బెడదను నమోదు చేశాడు. దెహ్రాదూన్ అటవీ పరిశోధనా సంస్థకు చెందిన బీసన్ తన 1941 నాటి గ్రంథంలో, తోటల మధ్య సహజారణ్యపు పట్టీలను వదిలి, పురుగుకు శత్రువులైన పరాన్నజీవులను నిలుపుకోవాలని సూచించాడు. 1965లో కోన్నిలో విమానం ద్వారా పురుగుమందు చల్లి చూశారు. నష్టం ఎంతో నికరంగా తేల్చకముందే నివారణకు పూనుకోవడం విచిత్రమే.

నిలంబూరు ప్రయోగం

ఆ లోటును తీర్చినది పీచిలోని కేరళ అటవీ పరిశోధనా సంస్థ. కె.ఎస్.ఎస్. నాయర్, ఆయన సహచరులు నిలంబూరులోని ఒక లేత తోటను ప్లాట్లుగా విభజించి, కొన్నింటిని మందుతో రక్షించి, కొన్నింటిని పురుగుకు వదిలి, 4 నుండి 9 ఏళ్ళ వయస్సు వరకు కొలిచారు. 1985లో వెలువడిన ఫలితం ప్రకారం రక్షిత చెట్లు హెక్టారుకు ఏటా 6.7 ఘనమీటర్లు పెరగగా, అరక్షిత చెట్లు 3.7 మాత్రమే పెరిగాయి. అంటే రావలసిన వృద్ధిలో సుమారు 44 శాతం పురుగుపాలైంది. ఆకులు రాలే కాలానికి ముందు వచ్చి, ఈనెల వలను మాత్రం మిగిల్చే మరొక పురుగు వల్ల చెప్పుకోదగ్గ నష్టం లేదని కూడా ఇదే ప్రయోగం తేల్చింది. ముదిరిన ఆకు అప్పటికే తన పని చాలావరకు ముగించి ఉండటమే దీనికి కారణమై ఉండాలి.

రక్షిస్తే 60 ఏళ్ళ కోత 26 ఏళ్ళకే సాధ్యమన్న అంచనాను మాత్రం ఈ 44 శాతంతో సమంగా చూడరాదు. మొదటిది కొలత, రెండవది లేత వయస్సు కొలతల నుండి ముందుకు పొడిగించిన లెక్క.

అంతకంటె ముఖ్యమైన అంశం మరొకటి ఉంది. 1940లో వెలువడిన టేకు దిగుబడి పట్టికలకు ఆధారమైన తోటలు ఏవీ పురుగు నుండి రక్షింపబడినవి కావు. అందువల్ల పురుగు తినగా మిగిలిన వృద్ధే టేకు సహజ వృద్ధిగా ఆ పట్టికల్లోకి ఎక్కింది. వాటితో పోల్చి చూసిన అధికారికి తన తోటలో లోటేమీ కనబడదు.