పూటకూళ్ళ ఇంటి నుంచి విద్యానగర్ హోటల్ దాకా

మా అమ్మకి పుట్టినరోజు తేదీ లేదు. ఆధార్ కార్డులో జనవరి 1 అని ఉంది. మీ ఇళ్ళలో పెద్దవాళ్ళ కార్డులు కూడా ఒకసారి తీసి చూడండి. చాలామందికి జనవరి 1, కాకపోతే జూలై 1 ఉంటుంది. ఊళ్ళో ఆడవాళ్ళందరూ ఒకే రోజు పుట్టినట్టు!

మా అమ్మమ్మ లెక్క మాత్రం పక్కా. "నెహ్రూ వచ్చి సాగర్ డ్యాముకి రాయేసి పోయినాక వచ్చిన సుబ్బరాయుడి షష్టినాడు పుట్టిందే మీ అమ్మ" అనేది. సాగర్‌కి శంకుస్థాపన 1955 డిసెంబర్ 10న జరిగింది. ఆ ఏడు మన్మథ నామ సంవత్సరం. డిసెంబర్ మధ్యలో కార్తీక అమావాస్య పోయింది, ఆ తర్వాత వచ్చిన మార్గశిర శుద్ధ షష్టి మా అమ్మది. కార్డు మీద తేదీ కంటే ఇదే నాకు నమ్మకం. ఇంకో తమాషా ఏంటంటే, చీరాల పక్కన ఒక్క ఊళ్ళోనే ఉండి మా అమ్మ మూడు జిల్లాలు మారింది. పుట్టినప్పుడు అది గుంటూరు జిల్లా. 1970లో ఒంగోలు జిల్లా ఏర్పడితే అందులోకి పోయింది, దానికే తర్వాత ప్రకాశం పేరు పెట్టారు. 2022లో బాపట్ల జిల్లా అయింది. మనిషి కదల్లేదు, చిరునామాలే కదిలాయి.

ఆ లెక్కన ఈ మధ్య అమ్మకి డెబ్భై నిండాయి. గుంటూరు విద్యానగర్‌లో ఉన్న పెద్ద హోటల్లో ఒక రాత్రి అమ్మని ఉంచాలని నేను నిర్ణయించుకున్నాను. మా ఆయన సరేనన్నారు, మా అన్నయ్య నవ్వాడు. అమ్మే ఒప్పుకోలేదు. ఖర్చు సంగతి తర్వాత, ముందు అన్నమాట ఇది: "కూతురి సొమ్ము తింటే నలుగురూ ఏమనుకుంటారే?"

ఈ మాట మన వైపు ప్రతి ఇంట్లో విన్నదే. కూతురింటికి వెళ్ళి నాలుగు రోజులుంటేనే మొహమాటపడే తల్లులు మనవాళ్ళు. కొడుకు పెడితే హక్కు, కూతురు పెడితే అప్పు. ఎందుకలా అని ఆలోచిస్తే, ఆస్తి దగ్గరికే వెళ్ళి ఆగుతాం. పొలం కొడుకుది కాబట్టి పోషణా కొడుకుదే అనే లెక్క అది. మన రాష్ట్రంలో ఎన్టీఆర్ ప్రభుత్వం హిందూ వారసత్వ చట్టాన్ని సవరించి, ఉమ్మడి ఆస్తిలో కూతురికి కొడుకుతో సమానంగా హక్కు ఇచ్చింది. ఆ చట్టం వచ్చింది 1986లో, అమల్లోకి వచ్చిన తేదీ మాత్రం 1985 సెప్టెంబర్ 5. అప్పటికే పెళ్ళయిపోయిన ఆడపిల్లలకి అది వర్తించలేదు. అంటే మా అమ్మకి లేదు, నాకు ఉంది. దేశమంతటికీ అలాంటి సవరణ రావడానికి 2005 దాకా పట్టింది. చట్టం వచ్చి ఇన్నేళ్ళయినా "కూతురి సొమ్ము" అనే మాట ఎక్కడికీ పోలేదు. నేను అమ్మతో ఈ చట్టం సంగతి మాట్లాడలేదు. "పచ్చళ్ళు పట్టి ఇచ్చిన డబ్బులు, చీటీ పాడుకున్నాను, ఇంట్లో ఎవరి జేబులోంచీ తియ్యలేదు" అని మాత్రం చెప్పాను. ఆ మాటకి మెత్తబడింది.

బయల్దేరే ముందు రోజు రాత్రి ఊరికే అడిగాను, ఇంటి బయట ఎన్ని రాత్రులు పడుకున్నావమ్మా అని. వేళ్ళ మీద లెక్కపెట్టింది. చుట్టాల పెళ్ళిళ్ళలో వరండాల్లో, చాపల మీద. కోటప్పకొండ తిరునాళ్ళలో ప్రభల కింద, ఎడ్లబండి పక్కన. తిరపతిలో సత్రం, శ్రీశైలంలో సత్రం. నాన్నకి బాగోలేనప్పుడు ఆసుపత్రి వరండాలో పదకొండు రాత్రులు. అంతే. మంచం మీద, తలుపు గడియ పెట్టుకుని, వేరేవాళ్ళు పక్క వేస్తే పడుకున్న రాత్రి ఒక్కటీ లేదు.

అక్కడి నుంచే నాకీ చరిత్ర మీద ఆసక్తి పుట్టింది. మన ప్రాంతంలో ఇంటి బయట మనుషులు ఎక్కడ తిన్నారు, ఎక్కడ పడుకున్నారు?

సత్రాలు మనకి కొత్తేం కాదు. ఏనుగుల వీరాస్వామిగారు 1830 మే 18న చెన్నపట్నంలో బయల్దేరి కాశీ వెళ్ళి, కోస్తా దారిన 1831 సెప్టెంబర్ 3కి తిరిగొచ్చారు. ఆయన రాసుకున్న కాశీయాత్ర చరిత్ర చదివితే ఏ ఊళ్ళో దిగడానికి వసతి ఉంది, ఎక్కడ నీళ్ళున్నాయి అనేదే పెద్ద సమస్యగా కనిపిస్తుంది. డబ్బున్నవాళ్ళు డేరాలు మోసుకుపోయేవాళ్ళు, లేనివాళ్ళు చెట్టు కింద. సత్రం ధర్మానికే పెట్టేవాళ్ళు, కాదనను. కానీ గుమ్మం దగ్గర ముందు అడిగేది కులం. ఇప్పటికీ శ్రీశైలం వెళ్తే సత్రాల బోర్డుల మీద కులాల పేర్లే చదువుకుంటూ పోతాం. మా అమ్మ ఇల్లు దాటి మంచి గదిలో పడుకోలేకపోవడానికి డబ్బొక్కటే కారణం అనుకోకూడదు.

డబ్బిచ్చి అన్నం తినడం కూడా మనకి పాత అలవాటే. వినుకొండ వల్లభరాయుడి పేరు మీద ఉన్న క్రీడాభిరామంలో, ఇద్దరు స్నేహితులు ఓరుగల్లు వీధులన్నీ తిరుగుతూ లక్ష్మణవజ్ఝల ఇంటి పూటకూటి గురించి చెప్పుకుంటారు. ఒక్క రూకకి సన్నబియ్యం అన్నం, గోధుమపిండి వంట, నెయ్యి, పప్పు, పెరుగు. (శ్రీనాథుడే రాశాడనేవాళ్ళూ ఉన్నారు, ఆ తగవు పండితులకి వదిలేద్దాం. వినుకొండ పేరు ఉంది కాబట్టి నేను మన వైపు వాళ్ళకే ఓటేస్తాను.) ఆరేడు వందల ఏళ్ళ కిందటి హోటల్ మెనూ అది!

ఆ తర్వాత పూటకూళ్ళ ఇల్లు అనగానే మనందరికీ గుర్తొచ్చేది కన్యాశుల్కంలో పూటకూళ్ళమ్మ. 1892లో మొదటిసారి ఆడారు, 1897లో అచ్చయింది. గిరీశం ఆవిడ ఇంట్లో తిని, ఆవిడ డబ్బు వాడుకుని ఎగ్గొడితే, చీపురుకట్ట పట్టుకుని వెతుక్కుంటూ వస్తుంది. చూసిన ప్రతిసారీ నవ్వుతాం. నాకు ఇప్పుడు నవ్వు రావడం లేదు. భర్త లేడు, పుట్టింటి ఆసరా ఉందో లేదో, చేతిలో ఉన్నది వంట ఒక్కటే. ఆ వంటతో ఒక వ్యాపారం నడిపి, పదిమంది పరాయి మగవాళ్ళకి రోజూ అన్నం పెట్టి, లెక్కలు చూసుకున్న మనిషి. మనం ఇంట్లో ఊరికే చేసే పనికి ధర కట్టింది. అందుకే ఆ మాటకి మర్యాద లేకుండా చేశారేమో అనిపిస్తుంది. గోదావరి లంకల్లో డొక్కా సీతమ్మగారు (1841–1909) అదే వంట చేసి ఊరికే పెట్టారు, అన్నపూర్ణ అన్నాం. ఆవిడ ఆ పేరుకి నూటికి నూరుపాళ్ళూ తగినావిడే. కానీ డబ్బు తీసుకున్న ఆడదానికి మాత్రం మనం వేరే పేరు పెట్టాం.

తర్వాత కాఫీ హోటళ్ళొచ్చాయి, ఉడిపి వాళ్ళొచ్చారు, మిలిటరీ హోటళ్ళొచ్చాయి. గుంటూరులో ఒక సెంటరుకీ, ఒక బ్రిడ్జీకీ హోటల్ పేరే స్థిరపడింది, శంకర్ విలాస్. ఏ రాజు పేరో కాకుండా ఇడ్లీ సాంబారు పెట్టిన చోటు పేరు నిలవడం నాకు భలే నచ్చుతుంది. ఆ హోటళ్ళ నిండా మగవాళ్ళే. ఆడవాళ్ళు వెళ్తే కర్టెన్ కట్టిన ఫ్యామిలీ రూములో కూర్చోవాలి. మా అమ్మ పెళ్ళయిన కొత్తలో గుంటూరు వెళ్తే, నాన్న లోపలికి వెళ్ళి తిని, ఆమెకి పొట్లం కట్టించుకొచ్చేవాడట. బస్టాండులో బెంచీ మీద తినేది.

ఆడవాళ్ళు ఇంటి బయట గౌరవంగా ఉండగలిగిన చోట్లు వేళ్ళ మీద లెక్కపెట్టాల్సిందే. గుంటూరులో ఉన్నవ లక్ష్మీబాయమ్మ, లక్ష్మీనారాయణ దంపతులు 1922లో పెట్టిన శారదా నికేతనం అలాంటిదొకటి. అక్కడ ఆడపిల్లలు ఉండి చదువుకున్నారు. సుఖానికి కాదు, బతుకు నిలబెట్టుకోవడానికి.

ఇక మేము దిగిన హోటల్ సంగతి. అది ఐటీసీ వాళ్ళ వెల్‌కమ్‌హోటల్, 2022 జనవరిలో అప్పటి ముఖ్యమంత్రి ప్రారంభించారు. పేరు చూసి ఎక్కడిదో పెద్ద పట్నం కంపెనీ మన ఊరు వచ్చింది అనుకుంటాం. నిజానికి వాళ్ళు మన పొలాల్లోకి నూరేళ్ళ ముందే వచ్చారు. 1910లో కలకత్తాలో ఇంపీరియల్ టొబాకో కంపెనీగా మొదలయ్యారు. 1912లోనే ఆకు కొనడానికీ, పండించేవాళ్ళతో పనిచేయడానికీ ఇండియన్ లీఫ్ టొబాకో డెవలప్‌మెంట్ కంపెనీ పెట్టారు. మనవాళ్ళు ఐఎల్‌టీడీ అనేది దాన్నే, చీరాల వాళ్ళకి ఆ పేరు తెలియకుండా ఉండదు. మన నల్లరేగడిలో వర్జీనియా పొగాకు నిలదొక్కుకుంది. పత్తి, మిరప పక్కనే పొగాకు. ఊరూరా బ్యారన్లు లేచాయి. 1976లో టొబాకో బోర్డు పెడితే దాని ప్రధాన కార్యాలయం ఢిల్లీలో కాదు, గుంటూరులో పెట్టారు.

కంపెనీ పేరులో ఇంపీరియల్ పోయి 1970లో ఇండియా వచ్చింది, 1974లో ఐ.టి.సి. అనే మూడక్షరాలు మిగిలాయి. 1975లో మద్రాసులో ఒక హోటల్ తీసుకుని చోళ అని పేరు పెట్టి ఆ వ్యాపారంలోకి దిగారు. 2025 జనవరి 1 నుంచి హోటళ్ళని వేరే కంపెనీగా విడదీశారు, మనిళ్ళలో అన్నదమ్ములు వేరుపడ్డట్టే. కానీ దాని వేర్లలో ఉన్నది ఆకే.

ఇదంతా నేను కారులో అమ్మకి చెప్తే, కాసేపు ఏం మాట్లాడలేదు. తర్వాత "సిగరెట్ల కంపెనీ వాళ్ళదా ఇది?" అంది.

ఎందుకంటే అమ్మ పధ్నాలుగో ఏట నుంచి పెళ్ళయ్యేదాకా పొగాకు పనికి పోయింది. మా తాతకి రెండెకరాలు, ఆరుగురు పిల్లలు. కోతల కాలంలో తెల్లారకముందే బ్యారన్ దగ్గరికి వెళ్ళి పచ్చాకుని కర్రలకి అల్లేది. తర్వాత షెడ్డులో గ్రేడింగు. ఆడవాళ్ళందరూ వరసలుగా నేల మీద కూర్చుని, ఒక్కో ఆకునీ రంగు చూసి, మచ్చ చూసి వేరు చెయ్యాలి. ఎండిన ఆకుల దుమ్ముకి దగ్గు. పచ్చాకు పనిలో జిగురు వేళ్ళకి నల్లగా పట్టుకుంటుంది. చింతపండు పెట్టి రుద్దినా పోదు, ఆ చేత్తో కలిపిన అన్నం చేదు. "మధ్యాహ్నం అన్నం నేను తినేదాన్ని కాదమ్మాయ్, మజ్జిగ పోసుకుని గిన్నె ఎత్తి తాగేదాన్ని" అంది. ఇన్నేళ్ళలో ఈ మాట నాకెప్పుడూ చెప్పలేదు. వాళ్ళు వేరు చేసిన ఆకు ఏ కంపెనీకి పోయేదో ఆమెకి తెలియదు. షావుకారు బండి వచ్చేది, బేళ్ళు పోయేవి.

గదిలోకి వెళ్ళాక మంచం మీద కూర్చోకుండా కుర్చీలో కూర్చుంది. దుప్పటి అంచు పట్టుకుని చూసి "ఇంత తెల్లగా ఎవరు ఉతుకుతారే?" అంది. పత్తి తీసిన మనిషి కదా, బట్టని వేళ్ళతో చూస్తుంది. గదిలోకి వచ్చిన పనమ్మాయిని మంచినీళ్ళు తాగమని బలవంతం చేసింది. ఏ ఊరు, ఎవరమ్మాయివి, జీతం సరిగ్గా ఇస్తున్నారా, రాత్రిపూట ఇంటికెలా వెళ్తావు అని వరసగా అడిగింది. ఆ పిల్ల నవ్వుతూ అన్నిటికీ చెప్పింది. ఆ తర్వాతే అమ్మ కాళ్ళు చాపి మంచం మీద పడుకుంది.

రాత్రి భోజనానికి వెళ్ళాం. చెంచా, ఫోర్కు పక్కకి జరిపి చేత్తోనే కలుపుకుంది. ముద్దపప్పు, నెయ్యి, గోంగూర. మొదటి ముద్ద తిని వేళ్ళ వంక చూసుకుంది. నేనూ చూశాను. ఏడుస్తుందేమో అనుకున్నాను కానీ ఆమె అలాంటిది కాదు. "గోంగూరలో పులుపు తక్కువ, మన పొలం గట్టు గోంగూర కాదు ఇది" అని తేల్చింది. పడుకునే ముందు లైటు తీసేస్తుంటే మళ్ళీ తనే అంది: "అయితే ఆ ఆకు డబ్బులతో మొదలుపెట్టినోళ్ళన్నమాట. మేమంతా ఒక్కో రాత్రి వచ్చి పడుకున్నా తప్పు లేదులే."

"మేమంతా" అంటూ పేర్లు చెప్పడం మొదలుపెట్టింది. వరసలో తన పక్కన కూర్చున్నవాళ్ళు. ముగ్గురు పోయారు. ఒకామెకి ఊపిరితిత్తుల జబ్బు. ఇద్దరు కొడుకుల దగ్గర హైదరాబాదులో ఉన్నారు, ఒకామె ఇంకా మిరపకాయల తొడిమలు తీసే పనికి పోతోంది. చెప్తూ చెప్తూ నిద్రపోయింది.

పొద్దున నేను లేచేసరికి పక్క సర్ది, దుప్పట్లు మడతపెట్టి, తువాళ్ళు ఆరేసి కూర్చుంది. తలుపు తట్టిన అదే అమ్మాయి "అయ్యో, అది నా పని అమ్మా, వదిలెయ్యండి" అంటే "రోజుకి ఎన్ని గదులు చేస్తావో నిన్న చెప్పావుగా, ఇవాళ ఒకటి తగ్గింది" అంది.

ఊరెళ్ళాక ఈ కబురు చావిడి దాకా పోయింది. ఇప్పుడు మా వీధిలో పన్నెండు మందిమి కొత్త చీటీ వేశాం. ఎవరు పాడుకుంటే వాళ్ళు తమ ఇంట్లో ఒక పెద్దావిడని ఒక రాత్రి ఎక్కడికైనా తీసుకెళ్ళాలి, గుంటూరో, విజయవాడో, సూర్యలంక సముద్రం దగ్గరో. డబ్బు ఇంకో దానికి వాడకూడదని షరతు. సంక్రాంతి తర్వాత మొదటి పాట. నిన్న అమ్మ ఫోన్ చేసి "మీ అత్తగారి పేరు రాశావా?" అని అడిగింది. రాశానమ్మా అన్నాను.