శునకాల కీళ్ళకు కాంతి చికిత్స

కూర్చున్న కుక్క లేవడానికి తడబడటం, మెట్ల వద్ద ఆగిపోవడం, పిలిస్తే మునుపటివలె పరుగున రాకపోవడం – వీటిని ముసలితనమని ఊరుకునే యజమానులే ఎక్కువ. చాలాసార్లు దీనికి మూలం కీళ్ళవాతం. లాబ్రడార్, జర్మన్ షెపర్డ్ జాతులలో తుంటికీలు సరిగా అమరని లోపం వంశపారంపర్యంగా రావచ్చు కనుక చిన్న వయసులోనే ఈ బాధ మొదలు కావచ్చు. కుక్క నొప్పిని దాచుకుంటుంది. మూలిగేదాకా ఆగితే ఆలస్యమైనట్లే.

దీనికి పశువైద్యులు వాడే సాధనాలలో లేజర్ కాంతి ఒకటి. హంగరీ వైద్యుడు ఎండ్రె మెస్టర్ 1967 ప్రాంతంలో చిట్టెలుకల చర్మంపై బలహీనమైన రూబీ లేజర్‌ను ప్రసరింపజేశారు. అది కాన్సర్ కలిగిస్తుందేమో చూడాలన్నది ఆయన ఉద్దేశం. కాన్సర్ రాలేదు సరికదా, గొరిగినచోట వెంట్రుకలు త్వరగా మొలిచాయి!

కణాలలోని మైటోకాండ్రియా ఈ కాంతిని గ్రహించి శక్తి ఉత్పత్తిని పెంచుతుందనీ, తద్వారా వాపు, నొప్పి తగ్గుతాయనీ శాస్త్రజ్ఞుల వివరణ. ఎర్రని కాంతి చర్మం వద్దే చాలవరకు నిలిచిపోతుంది. కీలు దాకా చేరాలంటే 800 నుంచి 1000 నానోమీటర్ల పరారుణ కాంతి కావాలి. దట్టమైన నల్లని బొచ్చు కాంతిని పీల్చుకుని వేడెక్కుతుంది కనుక వైద్యుడు మోతాదును, యంత్రం కదిపే వేగాన్ని అందుకు తగినట్లు మార్చుకోవాలి. ఇంట్లో వాడుకోమని అమ్మే చిన్న ఎర్రదీపాలపై అతిగా ఆశ పెట్టుకోరాదు.

2018లో కెనడా పశువైద్య పత్రికలో ఒక పరిశోధన వెలువడింది. మోచేతి కీళ్ళవాతం గల 20 కుక్కలలో కొన్నింటికి 6 వారాలు లేజర్, మిగిలినవాటికి ఉత్తుత్తి చికిత్స ఇచ్చారు. లేజర్ పొందినవాటిలో కుంటు తగ్గింది, నొప్పి మందుల మోతాదూ తగ్గించగలిగారు. ఫలితం ఆశాజనకమే గాని, ఇరవై కుక్కలతో తుది తీర్పు చెప్పలేము. అరిగిన మృదులాస్థిని కాంతి తిరిగి మొలిపించదు. నొప్పి తగ్గితే కుక్క నడుస్తుంది, నడిస్తే కండ బలపడుతుంది. ప్రయోజనమంతా అక్కడే ఉంది.

కాన్సర్ గడ్డలపై, చూలు కుక్క పొట్టపై ఈ కాంతి ప్రసరింపజేయరాదు. చికిత్సవేళ కుక్కకూ, దాన్ని పట్టుకున్నవారికీ కంటిరక్షణ తప్పనిసరి.

కుక్క బరువు ఎక్కువగా ఉంటే దాన్ని తగ్గించడమూ ముఖ్యమే, దీపం ఒక్కటే చాలదు. 48 లాబ్రడార్లను జీవితాంతం గమనించి 2002లో ప్రకటించిన అధ్యయనంలో, నాలుగోవంతు తక్కువ తిన్న కుక్కలు సుమారు రెండేళ్ళు అధికంగా జీవించాయి. కీళ్ళవాతమూ వాటికి ఆలస్యంగా వచ్చింది. నునుపు గచ్చుపై జారకుండా గోనెపట్టా పరచండి. మనుషులు వాడే ఐబుప్రోఫెన్ వంటి మాత్రలు మాత్రం ఇవ్వకండి, అవి కుక్కకు ప్రాణాంతకం కావచ్చు.