గంజ్-ఇ-సవాయి: ఒక వాక్యానికి ప్రతిపద వ్యాఖ్య

“1695లో సూరత్ దారిలో ఔరంగజేబు ఓడ గంజ్-ఇ-సవాయిని ఇంగ్లీషు సముద్రపు దొంగ హెన్రీ ఎవరీ దోచుకున్నాడు.” చరిత్ర పాఠాల్లో ఈ ఉదంతానికి దక్కేది మహా అయితే ఇలాంటి ఒక్క వాక్యం. అందులో ఒక్కో మాట వెనక చాలా కథే ఉంది.

1695లో: నెల సెప్టెంబరు. గోల్కొండ మొఘలుల చేతికి వచ్చి 8 ఏళ్లయింది. ఔరంగజేబు ఇంకా దక్కన్‌లోనే మరాఠాలతో పోరాడుతున్నాడు. ఈస్టిండియా కంపెనీ అప్పటికే ఒకసారి అతనితో యుద్ధానికి దిగి, చిత్తుగా ఓడి, లక్షన్నర రూపాయల జరిమానా కట్టి 1690లో క్షమాపణ పొందింది. అంటే మళ్లీ తప్పు చేస్తే దిక్కులేని స్థితి.

సూరత్ దారిలో: హజ్ యాత్రికులు, గుడ్డల వ్యాపారులు ఒకే ఓడల్లో ఎర్ర సముద్రానికి వెళ్లేవారు. సరుకు అమ్మిన వెండి బంగారాలతో తిరుగుముఖం పట్టేవారు. ఏ కాలంలో తిరిగొస్తారో అందరికీ తెలుసు, దొంగలకూ తెలుసు. ఎవరీ ముఠా ఎర్ర సముద్రపు ముఖద్వారం దగ్గరే మాటు వేసింది. చాలా ఓడలు రాత్రి చీకట్లో జారుకున్నాయి. వెనకబడినవి దొరికిపోయాయి.

ఔరంగజేబు ఓడ గంజ్-ఇ-సవాయి: సూరత్ రేవులో దీన్ని మించిన ఓడ లేదంటాడు చరిత్రకారుడు ఖాఫీ ఖాన్. ఆయన లెక్కలో 80 ఫిరంగులు, 400 తుపాకులు. అంత బలగం ఉండీ ఎలా చిక్కింది? ఓడలోని ఫిరంగి ఒకటి పేలి సొంతవాళ్లనే చంపింది. పెద్ద తెరచాప స్తంభం దెబ్బతింది. కెప్టెన్ ఇబ్రహీం ఖాన్ అడుగు అంతస్తులోకి పారిపోయి, మోఖా రేవులో కొన్న ఆడపిల్లల తలలకు పాగాలు చుట్టి, పోరాడమని పైకి తోశాడట. ఇందులో నిజమెంతో గాని, ఖాఫీ ఖాన్‌కి ఆ కెప్టెన్ మీదున్న కోపం మాత్రం నిజం.

ఇంగ్లీషు: అసలు తంటా అంతా ఈ మాటతోనే. కబురు అందగానే సూరత్ జనం రగిలిపోయారు. సూరత్ గవర్నరు ఇతిమాద్ ఖాన్ అక్కడి కంపెనీ వర్తక కోఠీ పెద్ద శామ్యూల్ ఆన్స్‌లీతో సహా ఇంగ్లీషువారిని నిర్బంధించి సంకెళ్లు వేయించాడు. “వాడికీ మాకూ సంబంధం లేదు” అని కంపెనీ మొత్తుకుంది. అయితే అదే ఏడాది మొదట్లో కొమొరోస్ దీవుల్లో ఎవరీ ఒక ఉత్తరం వదిలి వెళ్లాడు. ఇంగ్లీషు ఓడలకు, డచ్చి ఓడలకు తాను హాని చెయ్యనని అందులో రాశాడు. తనవాళ్లను వదిలేసి మనవాళ్లను దోచేవాణ్ని సూరత్ వర్తకుడు ఎవరి మనిషి అనుకోవాలి?

దొంగ: పుట్టు దొంగ కాదు. స్పెయిన్ రేవు లా కొరూన్యాలో నెలల తరబడి జీతాలందక ఓడ కళాసీలు తిరగబడ్డారు. 1694 మేలో వాళ్లను వెంటేసుకుని ‘చార్లెస్ ది సెకండ్’ ఓడను ఎత్తుకుపోయిన మేటు ఇతనే. దానికి ‘ఫాన్సీ’ అని కొత్త పేరు పెట్టాడు.

దోచుకున్నాడు: చిన్న మాట, నేరం పెద్దది. దోపిడీ రోజుల తరబడి సాగింది. ఆడవాళ్లపై అఘాయిత్యాలు జరిగాయి, కొందరు సముద్రంలో దూకి చనిపోయారు. సొత్తు విలువ 52 లక్షల రూపాయలని ఖాఫీ ఖాన్ రాశాడు. కంపెనీ అంతకంటే చాలా తక్కువ చెప్పింది. పరిహారం కట్టాల్సినవాడు చెప్పే లెక్క అలాగే ఉంటుంది.

హెన్రీ ఎవరీ: బహామాస్ గవర్నరుకు లంచమిచ్చి మాయమయ్యాడు, మళ్లీ దొరకలేదు. పట్టుబడి విచారణకు వచ్చినవాళ్లను 1696లో లండన్ జ్యూరీ నిర్దోషులని తేల్చింది. పరువు పోతుందని బెంబేలెత్తిన ప్రభుత్వం ఈసారి ఓడ దొంగతనం కింద మళ్లీ విచారణ పెట్టి, అయిదుగురిని నవంబరులో ఉరితీయించింది.

వాక్యంలో లేనిది పరిహారం. కంపెనీ సొమ్ము కట్టింది, హజ్ ఓడలకు కాపలా కాస్తామనీ ఒప్పుకుంది. 1698లో విలియం కిడ్ అనే మరో సముద్రపు దొంగ ఇంకో ఓడ దోచాక మొఘలులు ఆ కాపలా పనిని ఐరోపావారందరి మెడకూ చుట్టారు. డచ్చివారికి ఎర్ర సముద్రం, ఫ్రెంచివారికి పర్షియా సింధుశాఖ, ఇంగ్లీషువారికి దక్షిణ సముద్రాలు వచ్చాయి.